ఆ దణ్ణం ఎవరికి?



ఇవాళ ఆటల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఎవరు ఎన్ని పరుగులు చేశారు, ఎవరు ఎన్ని పతకాలు తెచ్చారు అన్న లెక్కల జోలికి పెద్దగా వెళ్లను. ఆటగాళ్ల భక్తి గురించి, ఆ భక్తితో పాటు ఉండాల్సిన కృతజ్ఞత గురించి మాట్లాడతాను.

మీ ఇంట్లో టీవీ ముందు ఈ ముచ్చట ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. బ్యాటర్ క్రీజు దగ్గరికొస్తూ ఆకాశం వంక చూసి దణ్ణం పెట్టుకుంటాడు. అటువైపు బౌలర్ మెడలోని శిలువను పెదాలకు ఆనించుకుని పరుగు మొదలుపెడతాడు. అది చూసి ఇంట్లో పెద్దావిడ ఉండబట్టలేక అడుగుతుంది. "ఇద్దరూ దేవుణ్ణి తలుచుకున్నారు కదరా, మరి ఆయన ఎవరి మాట వినాలి?" పిల్లలు పకపకా నవ్వుతారు. ఆట సాగిపోతుంది. ఆవిడ ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పరు.

ఇవాళ మనం చెప్పడానికి ప్రయత్నం చేద్దాం. ఎందుకంటే అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. ఇద్దరూ మొక్కారు. ఒకరే గెలిచారు. మరి రెండో ఆటగాడి మొక్కు ఏమైంది?

ముందు మన ఊళ్లోనే చూద్దాం. సంక్రాంతి పండక్కి కబడ్డీ పోటీలు పెట్టారనుకోండి. కూతకి వెళ్లే కుర్రాణ్ణి గమనించండి. బరిలోకి అడుగుపెట్టే ముందు వంగుతాడు. సున్నంతో గీసిన గీతను వేళ్లతో తాకుతాడు. ఆ వేళ్లు కళ్లకద్దుకుంటాడు. అప్పుడు గాని కూత ఎత్తుకోడు. ఇది వాడికి ఏ కోచ్ నేర్పాడు? ఎవరూ నేర్పలేదు. అన్నను చూసి తమ్ముడు నేర్చుకున్నాడు, అంతే.

హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లోనూ అంతే. పహిల్వాన్ గోదాలోకి దిగుతూ ముందు మట్టిని తాకుతాడు. చిటికెడు మట్టి నుదుటికి రాసుకుంటాడు. కొందరు ఆంజనేయస్వామి పటానికి మొక్కి దిగుతారు. కొందరు అల్లా పేరు తలుచుకుని దిగుతారు. మట్టి మాత్రం ఇద్దరికీ ఒకటే. జపాన్‌లో సుమో మల్లయోధుల్ని చూశారా? పట్టుకు ముందు గుప్పెళ్లతో ఉప్పు చల్లుతారు. చోటును శుద్ధి చేయడమన్నమాట. వాళ్ల బరి మీద వేలాడే కప్పు కూడా వాళ్ల షింటో గుడి కప్పులాగే ఉంటుంది.

అంటే ఆటకీ దేవుడికీ చుట్టరికం టీవీ కెమెరాలతో మొదలైంది కాదండీ. చాలా పాతది. ఎంత పాతదంటే, దాదాపు 2800 ఏళ్ల కిందట గ్రీసు దేశంలో ఒలింపిక్స్ మొదలైనప్పుడు అవి ఉత్త ఆటల పోటీలు కావు. ఒలింపియా అనే పుణ్యక్షేత్రంలో జ్యూస్ దేవుడికి జరిగే జాతర అది. పరుగు పందేలు, కుస్తీలు ఆ జాతరలో భాగం.

ఆ జాతరలో ఒక ఆచారం ఉండేది. దాన్ని కాస్త శ్రద్ధగా వినండి. పోటీలకు ముందు ఆటగాళ్లంతా జ్యూస్ విగ్రహం ముందు నిలబడి ప్రమాణం చేసేవారు. ఆటగాళ్లే కాదు, వాళ్ల తండ్రులు, అన్నదమ్ములు, శిక్షకులు కూడా చేయాలి. ఏమని ప్రమాణం? మమ్మల్ని గెలిపించు స్వామీ అని కాదు. పోటీలో మోసానికి పాల్పడం అని. పైగా ఆటగాడు, పది నెలలు నియమం తప్పకుండా సాధన చేశాను అని కూడా దేవుడి ముందు చెప్పాలి.

మరి మాట తప్పితే? మోసం చేసి దొరికితే జరిమానా కట్టాలి. ఆ డబ్బుతో జ్యూస్ కంచు విగ్రహాలు పోత పోయించి, మైదానంలోకి వెళ్లే దారి పక్కన వరసగా నిలబెట్టారు. తర్వాత వచ్చిన ప్రతి ఆటగాడూ వాటిని దాటుకునే లోపలికి వెళ్లాలి. ఎవరు ఏ తప్పు చేస్తే ఆ విగ్రహం వెలిసిందో వాటి కింద రాసి ఉండేది. విగ్రహాలు ఇప్పుడు లేవు గాని, వాటి రాతి పీఠాలు ఒలింపియా శిథిలాల్లో ఇవాళ్టికీ ఉన్నాయి.

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. 1986 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో ఇంగ్లండ్ మీద మారడోనా చేత్తో గోల్ కొట్టాడు. రిఫరీ చూడలేదు. తర్వాత అడిగితే, అందులో కొంత దేవుడి చెయ్యి కూడా ఉందన్నాడు. గొప్ప ఆటగాడు, చమత్కారి. సందేహం లేదు. కాని పాత ఒలింపియాలో ఆ మాట అని ఉంటే, ఇంకో కంచు విగ్రహం ఖర్చు ఆయన నెత్తిన పడేది.

కాబట్టి మన పెద్దావిడ ప్రశ్నకి మొదటి జవాబు అక్కడ దొరికింది. ఆ కాలపు ఆటగాడు దేవుడి ముందు నిలబడింది ముందుగా గెలుపు అడగడానికి కాదు, తన సాధన, తన నిజాయితీ చూపించుకోవడానికి. ఆ ప్రమాణం ఇద్దరూ చేయొచ్చు. ఇద్దరూ నిలబెట్టుకోవచ్చు. ఎవరు ఓడినా ఆ మొక్కు వృథా పోదు.

ఇక ఈ కాలానికి వద్దాం. 2024 ఆగస్టు, పారిస్ ఒలింపిక్స్. జావెలిన్ ఫైనల్. మన నీరజ్ చోప్రా మళ్లీ బంగారం తెస్తాడని దేశమంతా నిద్ర మానుకుని కూర్చుంది. పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ ఈటె 92.97 మీటర్ల దూరంలో దిగింది. అది ఒలింపిక్ రికార్డు. నీరజ్‌కి రజతం వచ్చింది.

మర్నాడు విలేకరులు ఇద్దరి తల్లుల దగ్గరికీ వెళ్లారు. హర్యానాలో నీరజ్ తల్లి సరోజ్ దేవి ఏమన్నారో గుర్తుందా? వెండి వచ్చినా మాకు సంతోషమే, బంగారం గెలిచినవాడూ మా బిడ్డలాంటివాడే అన్నారు. సరిహద్దుకు అవతల అర్షద్ తల్లి కూడా దాదాపు అదే మాట అన్నారు. నీరజ్ కూడా నాకు కొడుకులాంటివాడే, అతని కోసం కూడా దువా చేశాను అన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. ఇద్దరు తల్లులు. రెండు దేశాలు. రెండు మతాలు. ఆ దేశాల మధ్య ఎన్ని గొడవలున్నాయో మీకు చెప్పక్కర్లేదు. అర్షద్ తల్లి తన కొడుకు కోసం మొక్కుతూ, పోటీకి నిలబడ్డవాడి కోసం కూడా మొక్కింది. నా బిడ్డ గెలవాలి అనడం తల్లి మనసు. పక్క బిడ్డ పడిపోవాలి అనడం వేరే సంగతి. రెండో మాట ఆవిడ నోట రాలేదు. దేవుడు ఎవరి మాట వినాలి అన్న చిక్కు అలాంటి ప్రార్థనకు ఉండదండీ.

సరే, ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. ప్రార్థన వల్ల ఆటలో ఏమైనా జరుగుతుందా? బంతి దారి మారుతుందా? ఫీల్డర్ చేతిలో పడ్డ క్యాచ్ జారిపోతుందా? దీని మీద వాదనకి నేను దిగను. కాని ప్రార్థించే మనిషిలో ఏం జరుగుతుందో మనం కళ్లారా చూశాం. అది చెబుతాను.

2025 అక్టోబర్ 30, నవీ ముంబై. మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్. ఎదురుగా ఆస్ట్రేలియా. గెలవాలంటే 339 పరుగులు చేయాలి. మహిళల వన్డే క్రికెట్‌లో అంతవరకు ఎవరూ అంత లక్ష్యాన్ని ఛేదించలేదు. మన బ్యాటర్ జెమీమా రోడ్రిగ్స్ మూడో స్థానంలో దిగింది. తాను ఆ స్థానంలో ఆడాలన్న సంగతి ఆమెకు బరిలోకి దిగడానికి కొద్ది నిమిషాల ముందే తెలిసింది. అదే టోర్నీలో అంతకు కొద్ది రోజుల ముందు ఒక మ్యాచ్‌కి ఆమెను పక్కన పెట్టారు కూడా.

ఆ రాత్రి జెమీమా చివరిదాకా నిలబడింది. 127 పరుగులు, నాటౌట్. భారత్ గెలిచింది. గెలిచాక ఆమె మైదానంలోనే వెక్కివెక్కి ఏడ్చింది. మైకు ముందుకి వచ్చి మొదట యేసుకు కృతజ్ఞతలు చెప్పింది. ఇదంతా నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు అంది. వెంటనే అమ్మ పేరు, నాన్న పేరు, కోచ్ పేరు చెప్పింది. ఒళ్లు అలిసిపోయి, ఇక వల్ల కాదనిపించిన చివరి ఘడియల్లో బైబిల్ వాక్యం ఒకటి పదేపదే తలుచుకుంటూ ఆడానని చెప్పింది. నువ్వు నిలబడు, పోరాటం దేవుడు చూసుకుంటాడు అన్న భావం వచ్చే వాక్యం అది.

ఆ వాక్యం ఏం చేసిందో చూడండి. ఆస్ట్రేలియా బౌలర్ల వేగాన్ని తగ్గించలేదు. ఆమె భయాన్ని తగ్గించింది. ఆమె ఇచ్చిన రెండు క్యాచ్‌లు జారిపోయాయి, నిజమే. కాని క్యాచ్ జారిపోయిన తర్వాతి బంతిని మళ్లీ తనే ఎదుర్కోవాలి కదా. దానికి స్థిమితం కావాలి. ఆమెకు ఆ స్థిమితం ప్రార్థనలో దొరికింది.

ఇక్కడ మన తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. ఆ టోర్నీ పొడుగునా తనను ఆందోళన పట్టి పీడించిందని, దాదాపు రోజూ ఏడ్చానని జెమీమా ఆ రాత్రే విలేకరుల ముందు దాచకుండా చెప్పింది. ఆ రోజుల్లో తనను కనిపెట్టుకుని ఉన్న స్నేహితురాళ్లను పేరుపేరునా తలుచుకుంది. అందులో ఒక పేరు అరుంధతి రెడ్డి. మన హైదరాబాద్ అమ్మాయి. రోజూ ఆమె ముందే ఏడ్చేదాన్నని, ఆమె ఒక్కరోజు కూడా తప్పకుండా ఎలా ఉన్నావని పలకరించేదని జెమీమా చెప్పింది.

ఆ సెమీఫైనల్ ఆడిన పదకొండు మందిలో అరుంధతి లేదండీ. స్కోరు కార్డు అంతా వెతికినా ఆమె పేరు కనపడదు. కాని గెలిపించిన మనిషి నోట ఆ పేరు వచ్చింది. దేవుడికి థాంక్స్ చెప్పిన నోటితోనే ఆ పేరు కూడా చెప్పింది.

నేను ఇవాళ చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. దేవుణ్ణి తలుచుకునే ఆటగాడు, నేను ఒంటరిగా గెలవలేదు అని ఒప్పుకుంటున్నాడు. ఆ ఒప్పుకోలు ఆకాశం దగ్గర ఆగిపోకూడదు. అమ్మ దాకా, కోచ్ దాకా, కన్నీళ్లు తుడిచిన స్నేహితురాలి దాకా రావాలి. అప్పుడే అది కృతజ్ఞత.

ఇప్పుడు నూరేళ్ల కిందటి కథ ఒకటి. స్కాట్లాండ్‌కి చెందిన ఎరిక్ లిడెల్ అనే పరుగువీరుడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు అతనిదేనని చాలామంది అనుకున్నారు. అయితే ఆ పందెం తొలి పోటీలు ఆదివారం పెట్టారు. ఆదివారం ప్రభువు దినం, ఆ రోజు నేను పరుగెత్తను అన్నాడు లిడెల్. ఎవరెంత చెప్పినా వినలేదు. దేశం కంటే నీ పట్టుదల ఎక్కువా అని దెప్పిపొడిచినవాళ్లూ ఉన్నారు. ఆ ఆదివారం మిగతావాళ్లు పరుగెడుతుంటే అతను పారిస్‌లోనే ఒక చర్చిలో ప్రసంగించాడు. కొద్ది రోజుల తర్వాత 400 మీటర్లలో పరుగెత్తాడు. బంగారం గెలిచాడు. 47.6 సెకన్లు, అప్పటికది ప్రపంచ రికార్డు.

ఈ కథ విన్నవాళ్లు, చూశారా, దేవుణ్ణి నమ్ముకున్నందుకు ఫలితం దక్కింది అంటారు. 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమా చూసినవాళ్లయితే, ఆదివారం పందెం సంగతి అతనికి చివరి నిమిషంలో తెలిసిందనుకుంటారు. అసలు సంగతి అది కాదు. నెలల ముందే అతనికి తెలుసు. తెలిసిన దగ్గర్నుంచి 400 మీటర్లకి సాధన మొదలుపెట్టాడు. అంటే 100 మీటర్లు వదులుకోవడం ఒక్కటే కాదు, ఆ వదులుకున్నదాని బదులు నెలల తరబడి చెమటోడ్చడం కూడా అతని విశ్వాసంలో భాగమే. ఒలింపియాలో పది నెలల సాధన గురించి చెప్పుకున్నాం కదా. దేవుడి పేరు చెప్పి సాధన ఎగ్గొట్టినవాళ్లు అక్కడా లేరు, ఇక్కడా లేరు.

లిడెల్ కథ అక్కడితో అయిపోలేదు. పతకం గెలిచిన మరుసటి ఏడాదే, పేరూ డబ్బూ వదిలేసి, తాను పుట్టిన చైనాకి మిషనరీగా వెళ్లిపోయాడు. పిల్లలకు పాఠాలు చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం అతణ్ణి ఒక నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ చాలామంది పిల్లలున్నారు. వాళ్లకి ఆటలు ఆడించేది లిడెలే. ఆదివారం మాత్రం ఆటలు వద్దనేవాడు. ఒక ఆదివారం పిల్లలు వాళ్లంతట వాళ్లే హాకీ ఆడారు. రిఫరీ లేడు. కొట్టుకున్నారు. లిడెల్ ఏం చేశాడో తెలుసా? ఆ తర్వాత ఆదివారం తనే రిఫరీగా వచ్చి నిలబడ్డాడు.

చూడండి. ఒలింపిక్ బంగారం కోసం ఆదివారం నియమాన్ని సడలించని మనిషి. శిబిరంలో పిల్లలు కొట్టుకోకుండా ఉండడం కోసం సడలించాడు. తన కోసం కాదు, పిల్లల కోసం. యుద్ధం ముగియడానికి కొన్ని నెలల ముందు, 1945లో, ఆ శిబిరంలోనే కన్నుమూశాడు. నన్నడిగితే, ఆ బంగారు పతకం కంటే ఆ పిల్లల హాకీ ఆటలోనే అతని భక్తి ఎక్కువ కనిపిస్తుంది.

శ్రోతలారా, మళ్లీ మన క్రికెట్‌కి వద్దాం. సెంచరీ కొట్టగానే సచిన్ టెండూల్కర్ ఆకాశం వంక చూడడం మీకందరికీ తెలుసు. 1999 ప్రపంచకప్ మధ్యలో ఆయన తండ్రి చనిపోయారు. సచిన్ ముంబై వచ్చి, అంత్యక్రియలు ముగించుకుని, తిరిగి ఇంగ్లండ్ వెళ్లి కెన్యా మీద సెంచరీ కొట్టాడు. బ్యాట్ ఎత్తి పైకి చూశాడు. ఆ చూపు నాన్న కోసం. మనం దేవుడి కోసం అనుకునే దణ్ణాల్లో కన్నవాళ్లకు పెట్టేవీ ఉంటాయి. ఆటగాడి మనసులో ఆ రెండూ వేరుగా ఉండకపోవచ్చు కూడా.

అలాంటి కథే మన హైదరాబాద్‌లోనూ ఉంది. మహ్మద్ సిరాజ్. తండ్రి మహ్మద్ గౌస్ ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ని చేశారు. 2020 నవంబర్‌లో ఆయన చనిపోయేనాటికి సిరాజ్ జట్టుతో ఆస్ట్రేలియాలో ఉన్నాడు. కరోనా రోజులు. ఇంటికి వెళతావా అని బోర్డు అడిగింది. నాన్న కల నేను దేశానికి ఆడడమే అనుకుని సిరాజ్ అక్కడే ఉండిపోయాడు. ఆ డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. సిరీస్ గెలిచి హైదరాబాద్‌లో దిగాక, విమానాశ్రయం నుంచి ఇంటికి వెళ్లలేదు. నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లి, పూలు పెట్టి, ప్రార్థన చేశాడు. ఆ తర్వాతే ఇల్లు.

ఈ సిరాజ్‌ని గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నాలుగేళ్ల తర్వాత అదే మెల్‌బోర్న్‌లో ఇంకో తెలుగు కుర్రాడి కథలో అతను మళ్లీ వస్తాడు.

2024 డిసెంబర్ 28. మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో స్థానంలో దిగి ఆస్ట్రేలియా బౌలర్లను ఎదుర్కొంటున్నాడు. స్టాండ్స్‌లో తండ్రి ముత్యాల రెడ్డి. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి. నితీశ్ 99 దగ్గర ఉన్నాడు. సెంచరీకి ఒక్క పరుగు. కాని స్ట్రయిక్ అతనిది కాదు. అవతల బుమ్రా. ప్యాట్ కమిన్స్ బౌలింగ్. బుమ్రా ఔటయ్యాడు. తొమ్మిదో వికెట్ పడింది. ఇంకొక్క వికెట్ పడితే ఇన్నింగ్స్ ముగుస్తుంది. 99 దగ్గరే ఆగిపోవాలి.

పదకొండో నంబరుగా వచ్చింది ఎవరు? సిరాజ్. బ్యాటింగ్ అతని పని కాదని మనందరికీ తెలుసు. ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. నితీశ్ అవతలి కొసన నిలబడి చూడడం తప్ప చేయగలిగింది లేదు. స్టాండ్స్‌లో తండ్రి చేతులు జోడించుకుని కళ్లు మూసుకుంటున్నారు. మొదటి బంతి. సిరాజ్ కాచుకున్నాడు. మైదానమంతా చప్పట్లు. రెండో బంతి. కాచుకున్నాడు. మూడో బంతి గండం కూడా గడిచింది. ఓవర్ అయిపోయింది. జనం సెంచరీ కొట్టినంతగా కేకలు పెట్టారు.

తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్ బంతిని నేరుగా బౌండరీకి కొట్టాడు. సెంచరీ. మోకాలి మీద కూర్చుని, బ్యాట్ నేలకి ఆనించి, దాని మీద హెల్మెట్ పెట్టి ఆకాశం వంక చూశాడు. హెల్మెట్ మీద ఉన్న జాతీయ పతాకానికి వందనం చేశానని తర్వాత చెప్పాడు. పైన తండ్రి కళ్లనీళ్లు ఆగడం లేదు.

ఆ మూడు బంతుల గురించి నేను చాలాసార్లు తలుచుకున్నాను. తన టెస్టు ఆట తండ్రి చూడకుండానే పోయాడన్న బాధ మోస్తున్న ఒక హైదరాబాద్ కొడుకు. ఆ రోజు అతను కాచుకున్న మూడు బంతుల వల్ల, ఒక విశాఖ తండ్రి కొడుకు సెంచరీని కళ్లారా చూశాడు. నితీశ్ నమ్మే వెంకన్న అక్కడ సాయం చేశాడా? చేశాడనుకునేవాళ్లు అనుకోవచ్చు. చేసి ఉంటే, ఐదుపూటలా నమాజు చేసే సంప్రదాయంలో పెరిగిన సిరాజ్ చేతుల మీదుగా చేశాడు. నాకు ఆ ఆలోచన బాగుంటుంది.

ఇంకో సంగతి మరిచిపోకండి. ఆ టెస్టు మనం గెలవలేదు. 184 పరుగుల తేడాతో ఓడిపోయాం. సిరీస్ కూడా పోయింది. అయినా ఇంటికొచ్చాక, 2025 జనవరిలో, నితీశ్ తిరుమల వెళ్లాడు. మోకాళ్ల మీద మెట్లెక్కాడు. కాలినడకన కొండెక్కినవాళ్లకు మోకాళ్ల పర్వతం సంగతి తెలుసు. నడిచి ఎక్కడానికే కాళ్లు పట్టేస్తాయి. జట్టు ఓడిపోయినా అతను మొక్కు తీర్చుకున్నాడు. దక్కినదానికి దణ్ణం పెట్టాడు, దక్కనిదానికి అలగలేదు.

గెలిచినప్పుడు థాంక్స్ చెప్పడం తేలిక. ఓడినప్పుడు చెప్పడమే కష్టం. అందుకు పి.వి. సింధు సంగతి ఒకటి చెప్పాలి. సింధు తలమీద బోనం ఎత్తుకుని లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి గుడికి వెళ్లడం హైదరాబాద్ వాళ్లు చూసే ఉంటారు. అమ్మవారికి బోనం పెట్టడం మన దగ్గర కృతజ్ఞత చెప్పుకునే పద్ధతి. చల్లగా చూశావు తల్లీ అని కొత్త కుండలో అన్నం వండి తీసుకెళ్తారు. కాని సింధులో నాకు ఇంకా బాగా గుర్తున్నది గుడిలోది కాదు. కోర్టులోది.

2016 ఆగస్టు, రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్. స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్‌తో మూడు గేములు హోరాహోరీగా ఆడి సింధు ఓడిపోయింది. చివరి పాయింటు అయ్యాక మారిన్ కోర్టు మీద పడిపోయి ఏడుస్తోంది. రాకెట్ ఎక్కడో పడి ఉంది. బంగారం చేజారిన సింధు అప్పుడేం చేయాలి? తల దించుకుని వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టరు. సింధు అవతలి వైపుకి వెళ్లింది. మారిన్‌ని లేపి కౌగిలించుకుంది. కింద పడి ఉన్న ఆమె రాకెట్ తీసి, ఆమె బ్యాగు దగ్గర పెట్టింది.

మన ఇళ్లలో ఆయుధ పూజ నాడు పనిముట్లకు పసుపు కుంకుమ పెడతాం. ఆటగాళ్లు బ్యాట్లకీ రాకెట్లకీ బొట్టు పెడతారు. పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. తన పనిముట్టును గౌరవించడం మనకు చిన్నప్పుడే నేర్పుతారు. ఓడించినవాళ్ల పనిముట్టును కూడా గౌరవించడం సింధు చూపించింది. అది ఎవరూ అడిగిన మొక్కు కాదు.

ఇంతవరకు ఆటగాళ్ల గురించి చెప్పుకున్నాం. మరి చూసేవాళ్లం మన సంగతేమిటి? పెద్ద మ్యాచ్ ఉంటే మనమూ గుళ్లలో హోమాలు చేయిస్తాం. దర్గాల్లో చాదర్లు కప్పుతాం. చర్చిలో కొవ్వొత్తులు వెలిగిస్తాం. కొబ్బరికాయలు మొక్కుకుంటాం. బాగానే ఉంది. కాని ఓడిపోతే?

1996 ప్రపంచకప్ సెమీఫైనల్, కలకత్తా ఈడెన్ గార్డెన్స్. శ్రీలంక మీద మనవాళ్లు వరసగా ఔటవుతుంటే జనం సీసాలు విసిరారు. స్టాండ్స్‌లో మంటలు పెట్టారు. ఆట ఆగిపోయింది. శ్రీలంక గెలిచినట్టు ప్రకటించారు. వినోద్ కాంబ్లి ఏడుస్తూ మైదానం దాటడం ఆ తరానికి ఇంకా గుర్తే. 2007 ప్రపంచకప్‌లో తొలి దశలోనే ఓడిపోయినప్పుడు రాంచీలో ధోని కట్టుకుంటున్న ఇంటి మీద పడ్డారు. ఈ రోజుల్లో రాళ్లు తగ్గాయి గాని, ఫోన్లలో తిట్లు పెరిగాయి. క్యాచ్ వదిలేసిన కుర్రాడి మతాన్ని, తల్లిని, చెల్లిని కూడా వదలడం లేదు.

ఇది భక్తి కాదండీ. సంతలో బేరం. నేను కొబ్బరికాయ ఇస్తాను, నువ్వు కప్పు ఇవ్వు అన్న బేరం. సరుకు రాకపోతే ఎవరినో ఒకరిని తిట్టాలి. దేవుణ్ణి తిట్టే ధైర్యం ఉండదు. అందుకని ఆటగాణ్ణి తిడతాం. ఏళ్ల తరబడి వాళ్లు మనకిచ్చిన సంతోషం ఒక్క సాయంత్రంలో మరిచిపోతాం. కృతజ్ఞత లేదని ఆటగాళ్లను అనే ముందు మనం ఒకసారి అద్దంలో చూసుకోవాలి.

అలాగే ఇంకో మాట. కొందరు ఆటగాళ్లు మైదానంలో దణ్ణం పెట్టరు. ఆకాశం వంక చూడరు. కొందరికి దేవుడి మీద నమ్మకమే ఉండకపోవచ్చు. వాళ్లకు కృతజ్ఞత లేదనుకోకండి. తొలి గురువు ఇంటికి చెప్పకుండా వెళ్లి కాళ్లకు మొక్కి వచ్చేవాళ్లున్నారు. ఊళ్లో పిల్లలకు బూట్లు కొని పంపేవాళ్లున్నారు. అవి కెమెరాలో పడవు. మైదానంలో ఎవరు ఏ దేవుడికి మొక్కారు, ఎవరు మొక్కలేదు అని లెక్కలు తీయడం మన పని కాదు.

ఇక మన పెద్దావిడ ప్రశ్నకి జవాబు చెప్పుకుని ముగిద్దాం. ఇద్దరూ మొక్కితే దేవుడు ఎవరి మాట వింటాడు? అమ్మా, గెలుపు ఒక్కటే అడిగితే ఆయన చిక్కులో పడతాడు. నిజాయితీగా ఆడే బుద్ధి అడిగితే ఇద్దరికీ ఇవ్వగలడు. భయం పోగొట్టమంటే ఇద్దరికీ పోగొట్టగలడు. ఓడినా నిలబడే గుండె అడిగితే అదీ ఇద్దరికీ ఇవ్వగలడు. నేను ఒంటరిగా గెలవలేదు అన్న ఎరుక మాత్రం ఆటగాడు తనకు తానే తెచ్చుకోవాలి.

పిల్లల్ని ఆటలకు పంపే తల్లిదండ్రులకు ఒక చిన్న మాట. మీ అబ్బాయో అమ్మాయో పోటీకి వెళ్లే ముందు ఇంట్లో దీపం పెట్టండి, దువా చేయండి, ప్రార్థన చేయండి. మీ ఇష్టం. ఆట అయ్యాక మాత్రం గెలిచినా ఓడినా ఒక పని చేయించండి. మైదానంలో నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసిన మనిషి ఒకడు ఉంటాడు. ఎండలో నిలబడి విజిల్ ఊదిన అంపైర్ ఒకాయన ఉంటాడు. బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించిన పన్నెండో ఆటగాడు ఉంటాడు. ఎదురుగా ఆడిన ప్రత్యర్థి ఉంటాడు. వాళ్ల దగ్గరికి వెళ్లి, పేరు అడిగి తెలుసుకుని, థాంక్స్ అన్నా అని చెప్పి రమ్మనండి. మొదట్లో పిల్లలు సిగ్గుపడతారు. నాలుగు మ్యాచ్‌లు గడిస్తే అలవాటవుతుంది. గుడికి ఆ తర్వాత వెళ్లొచ్చు. దేవుడేం అనుకోడు.

 ఈ ప్రసంగం మీ ఇంటిదాకా చేరేలా స్టూడియో గాజు తలుపు అవతల కూర్చుని మీటలు సరిచూస్తున్న సాంకేతిక సిబ్బందికి నా కృతజ్ఞతలు.